పాత తేదీకి డాలర్ రేటు ఎంతో తేల్చుకోవడం ఎలా

మొన్న సంక్రాంతికి మా ఇంట్లో పెద్ద లెక్కే పడింది. 2013లో ఖమ్మంలో ఇల్లు కట్టేటప్పుడు మా తమ్ముడు అమెరికా నుంచి రెండు విడతలుగా ఐదేసి వేల డాలర్లు పంపాడు, ఇప్పుడా ఇల్లు అమ్మేశాం కాబట్టి ఎవరు ఎంత పెట్టారో తేల్చుకోవాలి. నాన్న లెక్కల పుస్తకంలో "చిన్నోడు 5000 డా." అని రెండు చోట్ల ఉందంతే, చేతికి ఎన్ని రూపాయలు వచ్చాయో రాయలేదు. మా బావగారు ఫోన్ తీసి చూసి, డాలర్ తొంభై ఉంది, పదివేల డాలర్లంటే తొమ్మిది లక్షలు అన్నారు. వీడియో కాల్‌లో ఉన్న తమ్ముడేమో అప్పట్లో అరవై ఉన్నట్టు గుర్తు, ఆరు లక్షలు వేసుకుందాం అన్నాడు. చివరికి అమ్మ బీరువాలోంచి పాత పాస్‌బుక్ తీసింది. మే మొదటి వారంలో 2,66,750 జమ, సెప్టెంబర్ మొదటి వారంలో 3,27,500 జమ, మొత్తం 5,94,250. పంపింది రెండుసార్లూ అవే ఐదు వేల డాలర్లు, కానీ నాలుగు నెలలు తిరిగేసరికి అరవై వేలు ఎక్కువ వచ్చాయి.

ఆ ఏడాది మే నెలలో అమెరికా కేంద్ర బ్యాంకు ఫెడరల్ రిజర్వ్ బాండ్ల కొనుగోళ్లు తగ్గిస్తామన్న సూచన ఇచ్చింది, దాంతో మన దగ్గర్నుంచి డాలర్లు వెనక్కి పోవడం మొదలై, మే మొదట్లో 54 దగ్గర ఉన్న డాలర్ ఆగస్ట్ 28 నాటికి 68 దాటింది. కాబట్టి "2013లో డాలర్ ఎంత" అని అడిగితే ఒక్క అంకె చెప్పడం కుదరదు, ఏ నెల, ఏ రోజు అని అడగాల్సిందే. ఇలాంటి లెక్క చాలా ఇళ్లలో ఉంటుంది. అక్క పెళ్లికి అన్న పంపిన డబ్బు, గల్ఫ్ నుంచి వచ్చిన డ్రాఫ్టులు, ఆఫీసులో ఇచ్చిన అమెరికా కంపెనీ షేర్లు, ఏదో ఒకటి. పాత రేటు సరిగ్గా ఎలా పట్టుకోవాలో నాకు తెలిసినంత వరకు చెప్తాను.

వెతకడం మొదలుపెట్టే ముందు

ముందు ఒక కాగితం మీద మూడు సంగతులు రాసుకోండి. ఏ తేదీ? ఎందుకు కావాలి? డాలర్లు ఇచ్చి రూపాయలు తీసుకున్నారా, రూపాయలు ఇచ్చి డాలర్లు తీసుకున్నారా?

మూడోది ఎందుకంటే, బ్యాంకులో ఒకే రోజు ఒకే డాలర్‌కి నాలుగైదు రేట్లు ఉంటాయి. బయటి నుంచి మీ ఖాతాకి వచ్చిన డాలర్లను బ్యాంకు కొనుక్కునేది టీటీ బయింగ్ రేటు (టీటీ అంటే టెలిగ్రాఫిక్ ట్రాన్స్‌ఫర్, ఖాతా నుంచి ఖాతాకి పంపడం). పిల్లల ఫీజు కోసం మీరు బయటికి పంపేటప్పుడు బ్యాంకు మీకు అమ్మేది టీటీ సెల్లింగ్ రేటు, ఇది ఎక్కువ. చేతిలో నోట్లు తీసుకెళ్లి మార్చుకుంటే అది ఇంకో రేటు, మనకి బాగా తక్కువ వస్తుంది. ఫోన్‌లో గూగుల్ చూపించేది వీటిలో ఏదీ కాదు. అది కొనుగోలుకీ అమ్మకానికీ మధ్యలో ఉండే మార్కెట్ రేటు, ఆ రేటుకి మనలాంటి వాళ్లకి బ్యాంకు డాలర్ కొనదు, అమ్మదు. మా పాస్‌బుక్ ప్రకారం మే జమని ఐదు వేలతో భాగిస్తే 53.35 వస్తుంది, ఆ వారం మార్కెట్ 54కి అటూ ఇటూ ఉంది. ఆ తేడా బ్యాంకు మార్జిన్, చార్జీలు. ఇందులో మోసమేమీ లేదు, కానీ మార్కెట్ రేటు పెట్టి లెక్క కడితే మాత్రం చేతికి రాని డబ్బు కూడా వచ్చినట్టు చూపిస్తుంది.

"ఎందుకు కావాలి" అన్నదాన్ని బట్టి దారి మారిపోతుంది. ఇంట్లో వాళ్ల మధ్య లెక్కా, ఆదాయపన్ను రిటర్నా, ఊరికే అప్పటికీ ఇప్పటికీ పోల్చుకోవడమా? ఈ మూడింటికీ మూడు వేర్వేరు రేట్లు వాడాలి. చాలామంది తప్పు చేసేది ఇక్కడే, రేటు దొరకలేదని కంగారుపడతారు కానీ నిజానికి దొరికిన రేటు తమ పనికి పనికొచ్చేదేనా అని చూసుకోరు.

డబ్బు నిజంగా చేతులు మారి ఉంటే

అప్పుడు ఇంటర్నెట్ జోలికి పోనక్కర్లేదు, ముందు కాగితాలు వెతకండి. పాస్‌బుక్‌లో పడిన రూపాయలే మీ రేటు. బయటి నుంచి డబ్బు వచ్చినప్పుడు బ్యాంకు ఇచ్చే ఇన్‌వర్డ్ రెమిటెన్స్ అడ్వైస్ మీద డాలర్లు, వాటిని మార్చిన రేటు, తేదీ, చార్జీలు విడివిడిగా ఉంటాయి. అది దొరికితే ఇంకేం అక్కర్లేదు. పంపిన వాళ్ల వైపు కూడా చూడండి, డబ్బు పంపే యాప్‌లూ కంపెనీలూ ఒక్కో లావాదేవీకి రసీదు ఈమెయిల్ చేస్తాయి, పదేళ్ల కిందటి మెయిల్ కూడా ఇన్‌బాక్స్‌లో వెతికితే తగులుతుంది. మా తమ్ముడికి సెప్టెంబర్ విడతది అలాగే దొరికింది.

తేదీ విషయంలో ఒక జాగ్రత్త. వాళ్లు పంపిన తేదీ, ఇక్కడ జమ అయిన తేదీ ఒకటి కావు. 2013 ఆగస్ట్ చివర్లాగా రోజుకి రూపాయి, రెండు రూపాయలు ఊగే రోజుల్లో రెండు రోజుల తేడా కూడా పెద్దదే. ఏ రేటుకి మార్చారన్నది పంపిన పద్ధతిని బట్టి ఉంటుంది. యాప్‌లు చాలావరకు పంపేటప్పుడే రేటు ఖాయం చేస్తాయి, డాలర్ల రూపంలోనే బ్యాంకుకి వచ్చి ఉంటే ఇక్కడి బ్యాంకు మార్చిన రోజు రేటు పడుతుంది.

కాగితం లేకపోతే

అప్పుడే బయటి లెక్కలకి వెళ్లాలి. మన దగ్గర అన్నిటికన్నా నమ్మకమైనది రిఫరెన్స్ రేటు, అంటే రోజుకోసారి ప్రామాణికంగా ప్రకటించే రేటు. 2018 జులై దాకా దీన్ని రిజర్వ్ బ్యాంకే ప్రకటించేది, ఆ నెల 10 నుంచి ఎఫ్‌బీఐఎల్ (ఫైనాన్షియల్ బెంచ్‌మార్క్స్ ఇండియా) అనే సంస్థ ప్రకటిస్తోంది. ఉదయం 11:30 నుంచి మధ్యాహ్నం 12:30 మధ్య బ్యాంకుల మధ్య జరిగిన అసలు లావాదేవీల నుంచి దీన్ని తీస్తారు. ఆర్‌బీఐ వెబ్‌సైట్‌లో రిఫరెన్స్ రేట్ల ఆర్కైవ్ ఉంది, మొదటి తేదీ, చివరి తేదీ ఇస్తే డాలర్, పౌండ్, యూరో, యెన్ రేట్లు పట్టికగా వస్తాయి. ఒక్క రోజే కాకుండా ముందు వారం, తర్వాతి వారం కూడా కలిపి తీసుకోండి, ఆ రోజు మార్కెట్ ఎలా ఊగిందో కనిపిస్తుంది.

ఇంకా వెనక్కి వెళ్లాలంటే అమెరికా ఫెడరల్ రిజర్వ్ వాళ్ల డేటా పనికొస్తుంది. సెయింట్ లూయిస్ ఫెడ్ నడిపే ఫ్రెడ్ అనే సైట్‌లో రూపాయి, డాలర్ రోజువారీ రేట్లు 1973 జనవరి నుంచి ఉన్నాయి, ఉచితంగా ఎక్సెల్‌లోకి దించుకోవచ్చు. ఇది న్యూయార్క్‌లో మధ్యాహ్నం రేటు, అంటే మనకి రాత్రి తొమ్మిదిన్నరో పదిన్నరో అవుతుంది. అందుకే ఒకే తేదీకి ఆర్‌బీఐ అంకె ఒకటి, ఫెడ్ అంకె ఇంకొకటి ఉంటే కంగారు పడకండి, రెండూ సరైనవే, గడియారంలో టైమే వేరు. 2013 ఆగస్ట్ 28నే చూడండి, మధ్యాహ్నం ఆర్‌బీఐ రిఫరెన్స్ రేటు 68.36, సాయంత్రం మన మార్కెట్ మూసేసరికి 68.80. ఒక్క పూటలో నలభై పైసల పైన తేడా. ఐదు వేల డాలర్ల మీద అది రెండు వేల రూపాయల పైనే!

నెలవారీ, ఏడాది సగటు చాలనుకుంటే ఆర్‌బీఐ ఏటా వేసే హ్యాండ్‌బుక్ ఆఫ్ స్టాటిస్టిక్స్‌లో ఉంటాయి. అందులో ఆర్థిక సంవత్సరానికి ఒక పట్టిక, క్యాలెండర్ సంవత్సరానికి ఒక పట్టిక వేరుగా ఇస్తారు, సగటు ఒక గడిలో, ఏడాది చివరి రోజు రేటు ఇంకో గడిలో ఉంటుంది. హడావుడిగా చూస్తే పక్క గడి అంకె రాసుకునే ప్రమాదం ఉంది. ప్రపంచ బ్యాంకు డేటాలో 1960 నుంచి ఏడాది సగటు ఉంది, కానీ సగటు రేటుతో ఒక ఫలానా రోజు లావాదేవీ లెక్క కట్టొద్దు. 2013 సగటు తీసుకుంటే మా మే విడతకి ఎక్కువ, సెప్టెంబర్ విడతకి తక్కువ పడేది.

ఆ రోజు సెలవైతే

ఆదివారం, ఆగస్ట్ 15, దీపావళి లాంటి రోజుల్లో రేటు ఉండదు. అంతకు ముందు మార్కెట్ నడిచిన రోజు రేటు తీసుకోవడం అందరూ పాటించే పద్ధతి. తర్వాతి రోజుది తీసుకోకండి, ఆ తేదీన ఎవరికీ తెలియని రేటు అది. ఆగస్ట్ 15న మన దగ్గర రేటు లేకపోయినా న్యూయార్క్ లెక్కలో ఉంటుంది, జులై 4న అక్కడ ఖాళీ, మన దగ్గర ఉంటుంది. అలాగని ఒక సెలవు రోజు కోసం ఆ పట్టికలోంచి ఒకటి, ఈ పట్టికలోంచి ఒకటి తెచ్చి కలపొద్దు. మొత్తం లెక్క ఒకే పట్టిక మీద నడవాలి.

తేదీలు ఎక్కువగా ఉంటే, ఉదాహరణకి ఐదేళ్లు నెలనెలా వచ్చిన డబ్బులు ఉంటే, చేత్తో వెతక్కండి. రేట్ల పట్టికని తేదీల వరుసలో, పాతది పైన ఉండేలా ఎక్సెల్‌లో పెట్టుకుని, పట్టికలోంచి తేదీకి తగ్గ రేటు వెతికి తెచ్చే వీలుకప్ (VLOOKUP) ఫార్ములా వాడండి. ఆ ఫార్ములాలో చివర్న ట్రూ అని ఇస్తే ఖచ్చితమైన తేదీ దొరకనప్పుడు దానికి ముందున్న తేదీ రేటు అదే తెచ్చుకుంటుంది, అంటే సెలవుల సంగతి దానంతటదే తేలిపోతుంది. అయితే ఫ్రెడ్ ఫైల్‌లో అమెరికా సెలవు రోజుల వరుస ఉంటుంది కానీ రేటు గడి ఖాళీగా ఉంటుంది, ఆ వరుసలు ముందే తీసేయకపోతే ఫార్ములా సున్నా తెస్తుంది. ఇంకో చిక్కు తేదీ రాసే పద్ధతి. అమెరికా వాళ్లు నెల ముందు రాస్తారు, 03/04/2013 అంటే వాళ్లకి మార్చి 4, మనకి ఏప్రిల్ 3. పన్నెండో తేదీ దాకా ఎక్సెల్ ఏ తప్పూ చూపించకుండా తారుమారు చేసేస్తుంది, పదమూడు నుంచి మాత్రం తేదీ కాదంటుంది. అందుకని దించుకోగానే 13, 25 లాంటి తేదీలున్న నాలుగు వరుసలు కంటితో చూసి సరిపోల్చుకోండి. నేనోసారి ఇది చూసుకోక ఒక పూట మొత్తం చేసిన పని మళ్లీ మొదటి నుంచి చేయాల్సి వచ్చింది.

పన్ను కోసం అయితే

ఇక్కడ మన ఇష్టం ఏమీ లేదు, రేటు ఎవరిది, ఏ రోజుది అన్నది చట్టమే చెప్తుంది. 1962 ఆదాయపన్ను నిబంధనల్లో 115వ రూల్ ప్రకారం విదేశీ ఆదాయాన్ని స్టేట్ బ్యాంక్ ఆఫ్ ఇండియా టీటీ బయింగ్ రేటుతో రూపాయల్లోకి మార్చాలి. గూగుల్ రేటూ పనికిరాదు, ఆర్‌బీఐ రిఫరెన్స్ రేటూ పనికిరాదు. రోజు కూడా డబ్బు వచ్చిన రోజు కాదు. షేర్లు అమ్మితే, అమ్మిన నెలకి ముందు నెల చివరి రోజు రేటు. డివిడెండ్‌కి కూడా, అది ప్రకటించిన లేదా ఇచ్చిన నెలకి ముందు నెల చివరి రోజు. జీతానికీ అంతే, అందాల్సిన నెలకి ముందు నెల చివరి రోజు. బ్యాంకు వడ్డీ లాంటి వాటికి ఆర్థిక సంవత్సరం చివరి రోజు, అంటే మార్చి 31.

హైదరాబాద్‌లో అమెరికా కంపెనీల్లో పనిచేస్తూ షేర్లు అందుకున్న వాళ్లకి ఇది బాగా అవసరం. 2024 ఆగస్ట్ 20న షేర్లు అమ్మితే 2024 జులై 31 రేటు పెట్టాలి, అమ్మిన రోజుది కాదు. అదే 2024 ఏప్రిల్‌లో అమ్మిన వాళ్లకి ఇంకో మెలిక ఉంది. ముందు నెల చివరి రోజు మార్చి 31, అది ఆదివారం, 30 శనివారం, 29 గుడ్‌ఫ్రైడే, ఫారెక్స్ మార్కెట్ ఆఖరుగా నడిచింది 28న. ఇలాంటప్పుడు ఏ రోజు రేటు తీసుకున్నారో, ఎందుకు తీసుకున్నారో ఒక్క వాక్యం రాసి రిటర్ను కాగితాలతో పాటు పెట్టుకోండి. రిటర్నులోనే ఉండే విదేశీ ఆస్తుల షెడ్యూల్‌లో మాత్రం లెక్క క్యాలెండర్ సంవత్సరం ప్రకారం, డిసెంబర్ 31 దాకా నడుస్తుంది, మిగతా రిటర్ను అంతా మార్చి దాకా. ఈ రెండూ కలిపేసి నోటీసు తెచ్చుకోకండి. 2026 ఏప్రిల్ 1 నుంచి 2025 నాటి కొత్త ఆదాయపన్ను చట్టం అమలు కాబట్టి, ఆ తర్వాతి సంవత్సరాలకి రూల్ నంబర్ మీ సీఏ దగ్గర సరిచూసుకోండి.

స్టేట్ బ్యాంక్ రోజూ ఫారెక్స్ కార్డ్ రేట్లని, అంటే ఆ రోజు విదేశీ కరెన్సీలు కొనే, అమ్మే రేట్ల పట్టికని, పీడీఎఫ్‌గా పెడుతుంది, మర్నాడు అదే చోట కొత్తది వచ్చేస్తుంది, పాతది కనబడదు. అందుకే కొందరు ప్రోగ్రామర్లు రోజూ వాటిని దించి ఆన్‌లైన్‌లో దాచిపెట్టారు, వెతికితే దొరుకుతాయి. అలాంటి చోట నుంచి తీసుకుంటే ఊరికే అంకె కాకుండా ఆ రోజు పీడీఎఫ్ కూడా దించుకుని, అందులో టీటీ బయింగ్ అన్న గడిలోనే చూశారో లేదో సరిచూసుకోండి. ముందుచూపు ఉన్నవాళ్లు ప్రతి నెల చివరి పనిదినాన ఆ పీడీఎఫ్ తామే దించి పెట్టుకుంటారు, రెండు నిమిషాల పని.

అమెరికాలో ఉండి ఇక్కడ ఎఫ్‌డీలు, ఖాతాలు ఉన్నవాళ్లకి పద్ధతి వేరు. ఏడాదిలో ఎప్పుడైనా విదేశీ ఖాతాలన్నీ కలిపి పదివేల డాలర్లు దాటితే ఎఫ్‌బార్ (విదేశీ ఖాతాల వివరాలు అమెరికా ప్రభుత్వానికి చెప్పే ఫారం) ఫైల్ చేయాలి కదా, అందులో ఒక్కో ఖాతాలో ఆ ఏడాది అత్యధికంగా ఉన్న రూపాయల్ని అమెరికా ట్రెజరీ ప్రకటించే డిసెంబర్ 31 రేటుతో డాలర్లలోకి మార్చాలి. డబ్బు జూన్‌లో అత్యధికంగా ఉన్నా సరే, రేటు మాత్రం డిసెంబర్ 31దే.

గల్ఫ్ డబ్బుల లెక్క

జగిత్యాల, నిజామాబాద్ వైపు నుంచి దుబాయ్, సౌదీ వెళ్లినవాళ్ల ఇళ్లలో, కడప, కోనసీమ నుంచి కువైట్ వెళ్లినవాళ్ల ఇళ్లలో కావాల్సింది డాలర్ రేటు కాదు. దిర్హమ్, రియాల్ పాత రేట్లు మన పట్టికల్లో అంత తేలిగ్గా దొరకవు. కానీ ఒక సులువు ఉంది. యూఏఈ దిర్హమ్‌ని 1997 నుంచి డాలర్‌కి 3.6725 దగ్గర, సౌదీ రియాల్‌ని 1986 నుంచి 3.75 దగ్గర కట్టేసి ఉంచారు. కాబట్టి ఆ రోజు డాలర్ రూపాయి రేటుని 3.6725తో భాగిస్తే దిర్హమ్, 3.75తో భాగిస్తే రియాల్. 2013 ఆగస్ట్ 28 నాటి 68.36 తీసుకుంటే దిర్హమ్ 18.61, రియాల్ 18.23. ఖతార్ రియాల్‌కి 3.64తో భాగించాలి.

కువైట్ దినార్‌కి ఈ ఉపాయం పనిచేయదు. 2003 నుంచి 2007 మే దాకా దాన్నీ డాలర్‌కే కట్టారు కానీ, ఆ తర్వాత కొన్ని కరెన్సీల బుట్టకి మార్చేశారు. అందుకని ఆ రోజు దినార్‌కి ఎన్ని డాలర్లో, డాలర్‌కి ఎన్ని రూపాయలో రెండూ ఒకే తేదీవి తెచ్చి గుణించాలి.

కువైట్ మాట వచ్చింది కాబట్టి ఒకటి చెప్పాలి, నాకు చాలా ఇష్టమైన సంగతి ఇది. 1961 దాకా కువైట్‌లో నడిచింది మన రూపాయే. 1959లో రిజర్వ్ బ్యాంక్ గల్ఫ్ కోసం వేరే రంగులో రూపాయి నోట్లు అచ్చువేసింది, 1961లో కువైట్ సొంత దినార్ తెచ్చుకుని, ఒక దినార్ ఒక బ్రిటిష్ పౌండ్‌కి సమానం అని పెట్టింది. అంటే అప్పట్లో పదమూడు రూపాయల చిల్లర. ఇవాళ అదే దినార్ 290 రూపాయల పైమాటే.

1993కి ముందు కాలం అయితే

అప్పటి రేటు ఇప్పటిలా మార్కెట్ తేల్చే రేటు కాదు, ప్రభుత్వం పెట్టిన రేటు. కాబట్టి 1970ల మొదటి దాకా అయితే రోజు కన్నా, ఏ రెండు మార్పుల మధ్య కాలమో తెలిస్తే చాలావరకు సరిపోతుంది, ఆ తర్వాత 1991 దాకా మాత్రం డాలర్ రేటు కొంచెం కొంచెంగా కదులుతూనే ఉంది, తేదీ చూడాల్సిందే. 1927 నుంచి రూపాయికి ఒక షిల్లింగ్ ఆరు పెన్నీలు, అంటే 18 పెన్నీలు. పౌండ్‌కి 240 పెన్నీలు కాబట్టి పౌండ్ విలువ 13.33 రూపాయలు. "1947లో ఒక రూపాయి ఒక డాలర్‌తో సమానం" అని ప్రతి ఆగస్ట్‌లోనూ వాట్సాప్‌లో తిరుగుతుంది కదా, అది అబద్ధమని ఈ అంకెతోనే తేలిపోతుంది. అప్పుడు పౌండ్‌కి 4.03 డాలర్లు. 13.33ని 4.03తో భాగించండి, డాలర్‌కి 3.31 రూపాయలు వస్తుంది. 1949 సెప్టెంబర్‌లో బ్రిటన్ పౌండ్‌ని 2.80 డాలర్లకి తగ్గిస్తే మన రూపాయి కూడా పౌండ్ వెంటే దిగింది, 13.33ని 2.80తో భాగిస్తే వచ్చే 4.76 రూపాయల డాలర్ రేటు అలా పుట్టిందే. యుద్ధాలు, కరువు, ఆగిపోయిన విదేశీ సాయం అన్నీ కలిసి మీద పడ్డాక 1966 జూన్ 6న ఇందిరా గాంధీ ప్రభుత్వం డాలర్ రేటుని 7.50 రూపాయలు చేసింది.

1991 జులై 1న, మళ్లీ 3న, రెండు అంచెల్లో రూపాయి విలువ తగ్గించారు, డాలర్ 21 చిల్లర నుంచి 26 దగ్గరికి వచ్చింది. మన పీవీ ప్రధానిగా, మన్మోహన్ సింగ్ ఆర్థిక మంత్రిగా బాధ్యతలు తీసుకుని అప్పటికి రెండు వారాలు కూడా కాలేదు. ఆ తర్వాతి దశలోనే లెక్క కట్టేవాళ్లకి అసలు చిక్కు. 1992 మార్చి నుంచి 1993 ఫిబ్రవరి దాకా దేశంలో అధికారికంగానే రెండు రేట్లు నడిచాయి, తెచ్చిన డాలర్లలో 40 శాతానికి ప్రభుత్వ రేటు, 60 శాతానికి మార్కెట్ రేటు. ప్రభుత్వ రేటు 26, మార్కెట్ రేటు 30 అనుకుంటే వెయ్యి డాలర్లకి చేతికొచ్చేది 400 డాలర్ల మీద 10,400, మిగతా 600 మీద 18,000, మొత్తం 28,400, అంటే డాలర్‌కి 28.40. ఈ ఏడాది కాలానికి ఎవరైనా ఒకే రేటు ఇస్తే అది రెండింట్లో ఏదో అడగండి. 1993 మార్చిలో రెండూ కలిసిపోయి ఒకే మార్కెట్ రేటు అయ్యింది, అది 31 దాటి ఉంది.

పోల్చేటప్పుడు

1966 సంగతి చదివితే ఒకచోట రూపాయి 36.5 శాతం తగ్గిందని, ఇంకోచోట డాలర్ 57.5 శాతం పెరిగిందని ఉంటుంది. రెండూ ఒకటే. 4.76 నుంచి 7.50కి పోతే డాలర్ ధర ఒకటిన్నర రెట్లు దాటింది, అటు నుంచి చూస్తే రూపాయికి వచ్చే డాలర్ 21 సెంట్ల నుంచి 13 సెంట్ల చిల్లరకి పడిపోయింది. శాతం చెప్పే ముందు రూపాయి వైపు నుంచి చెప్తున్నారా, డాలర్ వైపు నుంచా అన్నది ఖాయం చేసుకుని, మొత్తం లెక్కలో అదే వైపు ఉండండి.

సగటు తీసేటప్పుడూ ఇదే జాగ్రత్త. ఒకేలా డాలర్లు పంపినప్పుడు 54, 66 రేట్ల సగటు 60 సరైనదే. కానీ అటు నుంచి ప్రతిసారీ సరిగ్గా లక్ష రూపాయలు వచ్చేలా పంపి ఉంటే, మొదటిసారి 1,852 డాలర్లు, రెండోసారి 1,515 డాలర్లు పడతాయి. రెండు లక్షల్ని ఆ 3,367తో భాగిస్తే 59.40 వస్తుంది, 60 కాదు. చిన్న తేడానే, పదేళ్ల లెక్కలో మాత్రం బాగానే కనిపిస్తుంది.

"అప్పుడే డాలర్లు డాలర్లుగానే ఉంచుకుని ఉంటే" అనే బాధ ప్రతి ఇంట్లోనూ వింటాను. కూర్చుని లెక్క వేయండి. 2010లో డాలర్ 45 దగ్గర, 2025 డిసెంబర్‌లో 90 దాటింది. పదిహేనేళ్లలో రెట్టింపు అంటే ఏటా 4.7 శాతం పెరుగుదల. అదే పదిహేనేళ్లు రూపాయలు ఏడు శాతం ఎఫ్‌డీలో ఉంటే, పన్ను సంగతి పక్కన పెడితే, 2.76 రెట్లు అయ్యేవి. డాలర్లు అక్కడ ఖాతాలో ఊరికే పడి ఉన్నాయా, వడ్డీ తెచ్చాయా అన్నది కూడా కలపకుండా ఒక్క రేటు చూసి నష్టపోయామనుకోవడం సరికాదు.

మా ఇంట్లో తేలింది కూడా ఇలాగే. తమ్ముడి పెట్టుబడి 5,94,250 రూపాయలని, ఆ రోజు పాస్‌బుక్‌లో పడిందే అసలని అందరం ఒప్పుకున్నాం. పన్నెండేళ్ల పైచిలుకు ఆ డబ్బు ఇంట్లో ఇరుక్కుంది కాబట్టి దాని మీద ఎంత కలపాలన్నది వేరే కాగితం మీద, వేరేగా మాట్లాడుకున్నాం, నేను పెట్టిన రూపాయలకి ఏ శాతం కట్టామో వాడి రూపాయలకీ అదే శాతం. బావగారి తొంభై రూపాయల రేటులో తమ్ముడి మీద ప్రేమ ఉంది, కానీ అది వడ్డీని రేటులో కలిపేసిన లెక్క, అలా కలిపితే ఎవరికి ఎంత ఎందుకు వచ్చిందో రేపు పిల్లలకి చెప్పలేం. మీ ఇంట్లోనూ ఈ రెండిటినీ విడదీసి చూడండి, సగం గొడవ అక్కడే ఆగిపోతుంది.

చివరగా, పాస్‌బుక్ ఇంట్లో ఉంటే ఇవాళే ఫోటోలు తీసి పెట్టండి. మాది తెరిస్తే మే జమ ఉన్న పేజీలో అక్షరాలు లేత ఊదా రంగులోకి దిగిపోయి ఉన్నాయి, కిటికీ దగ్గరికి తీసుకెళ్లి ఏటవాలుగా పట్టుకుంటేనే ఆ చివరి 750 కనిపించింది. బ్యాంకులు కూడా పాత రికార్డులు ఎల్లకాలం ఉంచవు. ప్రతి ఫోటోకి పేరు పెట్టేటప్పుడు తేదీ, డాలర్లు, రూపాయలు, భాగిస్తే వచ్చిన రేటు నాలుగూ రాయండి. మాది ఇప్పుడు ఇలా ఉంది: "2013 మే, 5000 డాలర్లు, 2,66,750, 53.35, పాస్‌బుక్ పేజీ 11".